పాలేటి గట్టుకు ఏ బస్సు

నెల్లూరు నించి ఫోను.
పెంచలకుమారి టీచరంట,
తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మందంట.
"యుద్ధం జరిగిన చోటికి ఏ బస్సెక్కాలండీ?"

ఇరవై ఆరేళ్ళు కనిగిరి డిపోలో టిక్కెట్లు కొట్టాను.
పెళ్ళికి దారడిగారు, ఆస్పత్రికి, కోర్టుకి,
తప్పిపోయిన మేకపోతు కోసం కూడా ఒకాయన అడిగాడు.
యుద్ధానికి దారి అడిగింది ఈమె ఒక్కతే.

పాత టిక్కెట్ల కట్ట వెనక రాస్తున్నా.

తెల్లారుజామున నాలుగున్నరకి బయల్దేరండి.
కావలి దాకా పిల్లలు నిద్రపోతారు, పోనీండి.
కందుకూరులో ఇడ్లీ తినండి,
ఆ పైన టీ తప్ప ఏమీ దొరకదు.
అక్కడ పల్లెవెలుగు మారాలి.
దాని అద్దాలు మూసుకోవు, తలగుడ్డలు తెచ్చుకోమనండి.
నీళ్ళు మీ ఊరినించే మోసుకురండి టీచరమ్మా.
మా బోరు నీళ్ళు గొంతులోకి బాగానే దిగుతాయి,
వాటి సంగతి నేను నవ్వినప్పుడు తెలుస్తుంది.

పొన్నలూరు దాటాక ఎడమ చేతి పక్క
పొగాకు బ్యారన్లు తొమ్మిది లెక్కపెట్టి
వంతెన ముందర దిగాలి. స్టేజీ లేదు.
మాలకొండయ్య చెప్పాడంటే డ్రైవరు ఆపుతాడు.

ఇక నడకే.
పేరుకి పాలేరు. పాలూ లేవు, నీళ్ళూ లేవు,
ఉన్న ఇసుక సగం ట్రాక్టర్లెక్కి మేడలకి పోయింది.
చిల్లచెట్ల ముల్లు చెప్పులోంచి దిగుతుంది.
బోర్డు లేదు, రాయి లేదు, తుప్పు పట్టిన కత్తిముక్కయినా లేదు.
ఇదే చోటని ఈ గట్టోళ్ళంటారు,
కాదు మాదేనని ఆ గట్టోళ్ళు.
రెండు చోట్లా ఆగండి.
చచ్చినోళ్ళందరూ ఒక్కచోటే చచ్చుంటారా?

ఎందుకు కొట్టుకున్నారని పిల్లలు అడుగుతారు.
గడ్డికి, అని చెప్పండి.
వానల్లేని ఏడు ఆవుల్ని తోలుకొచ్చినోళ్ళు,
పచ్చికున్న రాజు,
మధ్యలో పుల్లరి అనే ఒక్క మాట.
మా నాయనమ్మ ఈ కథ చెప్తా చెప్తా
రాజు పేరు దగ్గర తడబడేది.
ఆవుల పేర్లు ఒక్కటీ మర్చిపోలేదు.

ఇంతదాకా రాసి, ఊరికే ఉండలేక
నిన్న నేనే పోయొచ్చాను, దారి సరి చూద్దామని.

బ్యారన్లు తొమ్మిది కాదు, ఆరే. మూడు పడగొట్టారు.
వంతెన దగ్గర బస్సు తనంతట తనే ఆగింది.
రోడ్డు నిండా గొర్రెలు,
మార్కాపురం అవతలి నించి వలసొచ్చినవి.
వాటి ముందర తిరుపాలనే ముసలాయన,
ఎదురుగా మోటారుసైకిలు మీద తోట కాపలావాడు.
జామాయిల్లోకి మంద దిగినందుకు రెండు వేలు.
"రసీదిస్తావా?"
"రసీదెక్కడిది?"

హారన్ కొట్టబోయిన డ్రైవరు చెయ్యి పట్టుకున్నా.

ముసలాయన కర్ర పైకెత్తాడు.
బస్సులో అందరూ ఒక్కసారి లేచాం.
కర్ర కొసతో ఒక గొర్రెని రోడ్డు దింపాడు, అంతే.
మొలలోంచి ఐదొందలు తీశాడు,
తక్కువైన దానికి ఒక పొట్టేలుపిల్లని
బండి ట్యాంకు మీద పెట్టాడు.
బండి కదిలాక కూడా అది వెనక్కే చూస్తా ఉంది.

కాబట్టి టీచరమ్మా, చిన్న మార్పు.
వంతెన దగ్గర దిగంగానే ఏట్లోకి పరిగెత్తకండి.
కాసేపు రోడ్డు మీదే నిలబడండి.

తిరుగు బస్సు నాలుగూ పదికి, అదే ఆఖరిది.
ఆ యుద్ధం నించి వెనక్కొచ్చిన ఒకాయనకి
ఇంటి ఆడోళ్ళు మంచం అడ్డం పెట్టి
స్నానానికి పసుపు ముద్ద ఇచ్చారని చెప్పుకుంటారు.
మనకా రోషాలొద్దు, టైముకి వెనక్కి రండి.
పదకొండు మంది.
ఎక్కేటప్పుడు లెక్కపెట్టండి, కావలిలో ఇంకోసారి.
అంకెలతో కాదు,
మా నాయనమ్మ ఆవుల్ని లెక్కపెట్టినట్టు,
పేర్లతో.